వదలని నలుపు

4వ తేదీ, సోమవారం

నల్లరంగు ఆర్డరు ఇవాళ మొదలైంది. మిల్లు వాళ్ళకి పనిబట్టల నూలు. షెడ్డంతా కుళ్ళిన గుడ్ల కంపు. సల్ఫర్ నలుపు ఉడికితే అంతే, ఎన్నేళ్ళు చేసినా ముక్కు మాత్రం ఒప్పుకోదు. తొట్టికి ఇటు ఆయన, అటు మరిది, చెరో కర్ర పట్టుకుని నూలు చిలపల కట్టలు తిప్పుతున్నారు. పిండిన చిలపలు నేను మోసుకెళ్ళి తీగల మీద ఆరేస్తున్నాను. మధ్యాహ్నానికి ముగ్గురికీ చేతులు మోచేతుల దాకా, కాళ్ళు చీలమండల దాకా నల్లగా అయిపోయాయి.

బాయిలర్ పైపు ఊడి వేడినీళ్ళు నేల మీద పారాయి. మరిది కేకపెట్టి తొట్టి గట్టు మీదకి ఎగిరాడు. ఆయన మాత్రం ఆ నీళ్ళలోనే నిలబడి కర్ర తిప్పుతున్నారు.

"అన్నయ్యా, కాలట్లేదా?"

"నీలాగా పూలకాళ్ళేంట్రా నావి? ఏనుగు కాళ్ళు!"

మరిది పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. మా పెద్దమ్మాయి పోయాక ఆయన నోట్లోంచి వేళాకోళం మాట రావడం ఇదే మొదలు. అందుకే నవ్వాను. ఆ నీళ్ళ సంగతి ఆలోచించలేదు.

6వ తేదీ, బుధవారం

ఆయన పాదాల మీద తోలు పొంగింది. ఆయనకి తెలియనే తెలియదు. పట్టుబట్టి రబ్బరు బూట్లు వేయించాను. పాతవి, పక్కన చిరుగు ఉంది, రంగునీళ్ళు లోపలికి పోతూనే ఉంటాయి. అయినా ఒట్టికాళ్ళ కన్నా నయం కదా అనుకున్నాను.

సాయంత్రం ఆరబెడదామని బోర్లిస్తే ఎడమ బూటులోంచి ఇనుప నట్టు ఒకటి టప్పున కింద పడింది. పైపు బిగించినప్పుడు జారి పడినట్టుంది.

"పొద్దుటి నుంచీ దీని మీదే నడిచారా?" అన్నాను.

"దేని మీద?" అన్నారు.

చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "మంచి నట్టే, దాచు, పనికొస్తుంది," అన్నారు.

పెద్దదానికైతే రోజూ కాళ్ళు పట్టి చూసేదాన్ని. వేళ్ళ సందులు, మడమ కింద, అన్నీ. షుగరు ఉన్నవాళ్ళకి కాలికి దెబ్బ తగిలినా తెలియదమ్మా, కంటితో చూసుకోవాల్సిందే అని అప్పట్లో నర్సమ్మ చెప్పింది. ఆయన కాళ్ళు చూడటానికి ఏముంది. అంతా నలుపే.

9వ తేదీ, శనివారం

నల్ల ఆర్డరు అయిపోయింది. తొట్టి కడిగేశాం.

అన్నం తిన్నాక మాత్రా నీళ్ళూ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. పెద్దది పోయినప్పటి నుంచీ ఆయన షుగరు మాత్ర నోట్లో వేసుకోలేదు. నేను పెట్టడం మానలేదు.

"అక్కడ పెట్టు," అన్నారు.

"పెడితే అక్కడే ఉంటుంది. మింగండి."

"అది టైము తప్పకుండా మింగింది. టైము తప్పకుండా పొడిపించుకుంది. ఏమైందో చూశాను కదా!"

చిన్నది కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. నేను గ్లాసు తీసేశాను. ఏం చెప్పను? దానికి పన్నెండేళ్ళప్పటి నుంచీ సూది వేసింది ఈ చెయ్యే. కిడ్నీలు పాడైపోయాయని చెప్పిన రోజున కూడా వేశాను. ఆసుపత్రిలో చివరి రోజున కూడా వేశాను. ఆయన మాట్లాడేది డాక్టర్ల గురించే అని నాకు తెలుసు. నా గురించి కాదు.

10వ తేదీ, ఆదివారం

అందరం పెరట్లో కూర్చుని సబ్బు పెట్టి కాళ్ళు రుద్దుకున్నాం. చిన్నది చూసి, "ముగ్గురూ నల్ల సాక్సులు తొడుక్కుని స్కూలుకి బయల్దేరినట్టున్నారు," అంది. బట్టల కొట్లో పనిచేస్తుంది కదా, ఆ పోలికలే వస్తాయి. మరిది సబ్బునురగ దాని మీద చల్లాడు. మంచి రోజే.

13వ తేదీ, బుధవారం

తొట్టిలో ఇప్పుడు పసుపు రంగు. మరిది కాళ్ళు నలుపు వదిలి బూడిద రంగుకి వచ్చాయి. నావీ అంతే. ఆయన పాదాలు కూడా వెలిశాయి, ఎడమకాలి బొటనవేలు తప్ప. గోటి మూలల్లో రంగు ఇరుక్కుంటే అంత తొందరగా వదలదు. నా గోళ్ళలో కూడా ఉంది. ఇప్పుడే దీపం దగ్గర పెట్టి చూసుకున్నాను. కొంచెం ఉంది.

14వ తేదీ, గురువారం

రంగే.

15వ తేదీ, శుక్రవారం

చిన్నది పనినుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "షెడ్డు కంపు ఇంట్లోకొచ్చిందేంటమ్మా?" అంది.

"రంగుల పని చేసేవాళ్ళ ఇల్లు. అత్తరు వాసనొస్తుందా?" అన్నాను.

"అది కాదమ్మా. ఇప్పుడు వేస్తున్నది పసుపు కదా. పసుపుకి కంపుండదని నువ్వే చెప్పావు."

"బూట్లు వాసనేసి ఉంటాయిలే."

బూట్లు బయట ఎండలో పెట్టాను. తర్వాత ముక్కు మూసుకుని వంటచేశాను. తర్వాత ముక్కు తెరిచాను. ఉంది.

నాన్న మామూలుగానే నడుస్తున్నాడు కదా, నొప్పుంటే కుంటేవాడు కదా అని చిన్నది తనకి తానే చెప్పుకుంది. నేను అవునన్నాను.

16వ తేదీ, శనివారం

మరిది కాళ్ళు పూర్తిగా తెల్లబడ్డాయి. వాడి కాళ్ళు చూడకూడదనుకుంటాను, కళ్ళు అక్కడికే పోతాయి. ఆయన సాక్సులు వేసుకునే షెడ్డుకి వస్తున్నారు. ఎండాకాలంలో సాక్సులేంటన్నయ్యా అని మరిది అడిగితే పెళ్ళికొడుకుని కదరా అన్నారు.

17వ తేదీ, ఆదివారం

ఈ రోజు జరిగింది వరసగా రాస్తాను.

సల్ఫర్ నలుపు బ్లీచింగ్ ముందు నిలవదు. షెడ్డులో అది తెలియనివాళ్ళు లేరు. నూలు ఎక్కడైనా పాడైతే బ్లీచింగ్ నీళ్ళలో ముంచి నలుపంతా లాగేసి మళ్ళీ వేస్తాం. కాబట్టి ఆ వేలు రంగైతే పోతుంది. రంగు కాకపోతే పోదు. అంతే కదా. నాలుగు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది. షెడ్డు తాళం నా దగ్గరే ఉంటుంది, బ్లీచింగ్ పొడి మూలనే ఉంటుంది. నాలుగు రోజులుగా తేలేదు.

చిన్నది స్నేహితురాలింటికి వెళ్ళాక బేసిన్‌లో కలిపాను. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి సాక్సు లాగాను. సాక్సు వేలికి అంటుకుంది.

"నన్నూ చిలప చేసి ముంచుతున్నావా?" అన్నారు.

"ఊ."

"పిండుతావా కూడా?"

"నోరు మూసుకుని కూర్చోండి."

ఆ నీళ్ళకి నా చేతులు మండాయి. ఆయనకి మండలేదు. పాదం తెల్లబడింది. మడమ, పక్కలు, గోళ్ళు, చిన్నవేళ్ళు, అన్నీ తెల్లబడ్డాయి. ఆ పాదం ఎప్పుడూ అంత తెల్లగా చూడలేదు. బొటనవేలు నల్లగా ఉంది. ఇంకా పొడి వేశాను. బ్రష్షు పెట్టి రుద్దాను. రుద్దితే వేలి కింద తోలు ఊడి చేతికొచ్చింది. అక్కడ గుంట. నట్టు పట్టేంత గుంట. లోపల తెల్లగా ఏదో కనబడింది.

ఆయన వంగి చూశారు. "పోయిందా?" అన్నారు.

బేసిన్ తీసుకెళ్ళి పారబోశాను. పెరట్లో చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాను, లోపలికి వినబడకుండా.

పుండు మీద బ్లీచింగ్ పోసి రుద్దాను.

ఇప్పుడు పెద్దది పోయిన ఆ ఆసుపత్రికే వెళ్ళాలి. ఆ గేటు, ఆ పచ్చగోడల వరండా. బుధవారమే తెలుసు నాకు. మంగళవారమే తెలుసేమో. ఆ గేటు దాటాల్సి వస్తుందని రంగు రంగు అంటూ కూర్చున్నాను.

18వ తేదీ, సోమవారం

గేటు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. చిన్నది చెయ్యి పట్టి లాగింది. ఆయన మమ్మల్నిద్దర్నీ దాటుకుని ముందు వెళ్ళిపోయారు. నిటారుగా, చక్కగా నడుచుకుంటూ. ఆ కాలితో.

డాక్టరమ్మ వయసులో చిన్నావిడే, మాట కటువు. ఆయన్ని కళ్ళు మూసుకోమంది. సన్నటి దారంలాంటిది చేతిలో పట్టుకుని, "పాదానికి తగిలినప్పుడల్లా చెప్పండి," అంది.

"ఆ," అన్నారు ఆయన. "ఆ... ఇప్పుడు కూడా."

"నేనింకా ముట్టుకోలేదండీ," అందావిడ.

తర్వాత ముట్టుకుంది. చాలాచోట్ల. ఆయన ఏమీ అనలేదు. మళ్ళీ మోసం చేస్తోందని అనుకున్నారేమో.

షుగరు ఎక్కువై నరాలు మొద్దుబారాయట. రక్తం కూడా ఆ చివరికి సరిగ్గా పోవడం లేదట. వేలు చచ్చిపోయిందట, పక్కదానికి కూడా పట్టిందట. ఇవాళే చేర్చండి, రెండు వేళ్ళు తీసేస్తే కాలు మిగులుతుంది, సూదిమందు మొదలుపెట్టాలి అంది.

"రెండు వేళ్ళే కదా," అంది చిన్నది ఏడుపు మింగుతూ.

ఆయన సాక్సు తొడుక్కున్నారు. బూటు తొడుక్కున్నారు. "పదండి," అన్నారు. డాక్టరమ్మ లేచి నిలబడి, "ఇది జోకు కాదు, ప్రాణం పోతుంది," అంది.

"మా పెద్దమ్మాయిని కూడా ఇలాగే చేర్చుకున్నారమ్మా," అన్నారు. కోపంగా కాదు. దారి చెబుతున్నట్టు చెప్పారు. వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక నేను వదల్లేదు. తలుపు మూసి ఎదురుగా కూర్చున్నాను.

"రెండు వేళ్ళు. అవి లేకపోతే తొట్టి దగ్గర నిలబడలేరా?"

"నిలబడగలను."

"మరి?"

"అది ఒక్కతే వెళ్ళిందే," అన్నారు.

అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. మాత్రలు మానేసింది డాక్టర్ల మీద కోపంతో కాదు.

"ఇంకొకతె ఉంది ఈ ఇంట్లో. అది మీ కూతురు కాదా? నేనేం కాదా?"

"నాకేం తొందర లేదు. వచ్చేదాన్ని ఆపను, అంతే."

"తోడు కావాలని అది అడిగిందా మిమ్మల్ని? మీ గురక పడలేక గది మార్చుకున్న పిల్ల! అక్కడికి కూడా వెంటపడతారా?"

ఎలా వచ్చిందో ఆ మాట. ఆయన మొహం ఒక్క క్షణం నవ్వబోయింది. తర్వాత గోడవైపు తిరిగారు.

19వ తేదీ, మంగళవారం

బతిమాలాను. తిట్టాను. మరిది వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు. చిన్నది పనికి వెళ్ళలేదు, గుమ్మంలో కూర్చుంది, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాన్ని దాటుకుని నడవాలి. ఆయన షెడ్డుకి వెళ్ళాలని లేచారు. లేవలేకపోయారు. ఒళ్ళు వేడిగా ఉంది.

20వ తేదీ, బుధవారం

చలి, వణుకు. మూడు దుప్పట్లు కప్పాం. పాదం వాచి బూటు పట్టడం లేదు. చీలమండ దాటి ఎర్రటి గీత పైకి పాకుతోంది. పొద్దున ఒకచోట ఉంది. మధ్యాహ్నానికి ఇంకొకచోట ఉంది.

మధ్యాహ్నం నన్ను పెద్దదాని పేరుతో పిలిచారు. నీళ్ళు తెచ్చిపెట్టు తల్లీ అన్నారు. తెచ్చాను. నాన్నా అని పిలవాలేమో అనుకున్నాను. పిలవలేదు.

మరిదికి కబురు పెట్టి బండి తెప్పించాను. ఆయన వద్దు వద్దు అంటూనే ఉన్నారు. తర్వాత వద్దనడం కూడా మానేశారు. అప్పుడు భయం వేసింది.

21వ తేదీ, గురువారం

పొద్దున ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. విషం రక్తంలోకి ఎక్కిందట. వేళ్ళతో అయ్యే రోజు దాటిపోయిందమ్మా, మోకాలి కింద నుంచి తీసేయాలి, ఇవాళే, లేకపోతే మనిషి దక్కడు అంది. ఆయనకి స్పృహ లేదు, ఇంటివాళ్ళు చెప్పాలి అంది.

ఇంటివాళ్ళంటే నేను.

మరిది తల పట్టుకున్నాడు. "వేళ్ళకే వద్దన్నాడు కదా వదినా. కాలు లేకుండా లేస్తే మనల్ని బతకనిస్తాడా? తిట్టి చంపుతాడు."

"లేవనీ. లేచి తిట్టనీ."

"అది కాదు వదినా, అన్నయ్య ఇష్టం..."

"మీ అన్నయ్య ఇష్టం నాకు తెలుసు. నేను విన్నాను. నువ్వు వినలేదు."

చిన్నది నా వైపు చూస్తోంది. అది మాట్లాడితే బాగుండునని నేను దాని వైపు చూశాను. ఇరవై ఏళ్ళు కూడా లేని పిల్ల మీద ఈ భారం వేస్తానా?

ఆ వరండాలోనే నిలబడి ఉన్నాను. పెద్దది వెళ్ళిన గది మూడో తలుపు. అప్పుడు నన్నెవరూ ఏమీ అడగలేదు. చెప్పారు, అంతే. ఇప్పుడు అడుగుతున్నారు. ఆయన పెద్దదాని దగ్గరకి వెళ్ళాలనుకుంటున్నారు. దాని దగ్గర ఎవరో ఒకరు ఉంటే బాగుండునని నాకూ అనిపించని రోజు లేదు. అది కూడా రాస్తున్నాను. ఎవరూ చదవరు కదా.

"తీసేయండి," అన్నాను.

డాక్టరమ్మ వినబడనట్టు చూసింది. గట్టిగా అన్నానేమో, వరండాలో అందరూ తిరిగారు.

"కాలు తీసేసి మనిషిని ఇవ్వండి."

22వ తేదీ, శుక్రవారం

ఉన్నారు.

24వ తేదీ, ఆదివారం

కళ్ళు తెరిచారు. దుప్పటి వైపు చూశారు. ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా. చాలాసేపు చూశారు. ఎవరు చెప్పారు అని అడగలేదు. నా వైపు ఒక్కసారి చూసి అటు తిరిగారు.

నేను కూర్చునే ఉన్నాను. చిన్నది టీ తెచ్చింది. నాన్నా అంటే పలకలేదు. దాని చెయ్యి మాత్రం వదల్లేదు. అది ఒంటిచేత్తో నాకు టీ అందించింది, వంకరగా వంగి, ఒలకబోసుకుంటూ.

25వ తేదీ, సోమవారం

నాతో మాట్లాడరు. నర్సమ్మతో మాట్లాడతారు. మరిదితో తొట్టి సంగతి మాట్లాడతారు. నేను గ్లాసు అందిస్తే తీసుకుంటారు, చెయ్యి తగలకుండా.

పోనీ. గ్లాసు తీసుకుంటున్నారు.

26వ తేదీ, మంగళవారం

కట్టు మారుస్తుంటే కేకపెట్టారు. వార్డంతా అదిరింది. వేడినీళ్ళలో నిలబడి నవ్విన మనిషి. నర్సమ్మ కంగారుపడలేదు. "మోకాలి దగ్గర నరాలు ఇంకా బతికే ఉన్నాయండీ, అందుకే నొప్పి. మంచిదే," అంది.

"మంచిదంట!" అని ఆయన పళ్ళు కొరికారు. తర్వాత ఏడ్చారు. నొప్పికే మొదలుపెట్టారు. కట్టు అయిపోయింది, నర్సమ్మ వెళ్ళిపోయింది, ఆపలేదు. పెద్దది పోయిన రోజున ఆయన తొట్టి దగ్గర ఉన్నారు. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు ఏడవలేదు. తర్వాత కూడా ఏడవలేదు.

ఊరుకోమని అనలేదు నేను. పక్క మంచం అతని భార్య నీళ్ళు తేబోతే వద్దని సైగ చేశాను.

ఏడుపు సన్నబడ్డాక, అటు తిరిగే అడిగారు. "చివర్లో అది నొప్పి అందా?"

"లేదు. దాహం అంది."

"ఇచ్చావా?"

"ఇచ్చాను. కొంచెం తాగి, చాలమ్మా అంది."

ఇంకేమీ అడగలేదు. ఇంకేమీ లేదు కూడా.

27వ తేదీ, బుధవారం

నర్సమ్మ సూదిమందు తెచ్చింది. వచ్చిన రోజు నుంచీ వాళ్ళు పొడుస్తుంటే ఆయన చెయ్యి లాక్కోవడం, వాళ్ళు పట్టుకోవడం. ఇంటికెళ్ళాక రోజూ మీరే వేయాలి, నేర్పిస్తాను రండమ్మా అని నన్ను పిలిచింది. పెద్దదాని తర్వాత సూది ముట్టుకోలేదు.

"నాకు వచ్చు," అన్నాను. అని, అక్కడే నిలబడిపోయాను.

నర్సమ్మ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. పోనీ ఇవాళ్టికి నేనే వేస్తాలెండి అని దగ్గరికి వెళ్ళింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. మళ్ళీ గొడవే అనుకున్నాను.

"మీరొద్దమ్మా," అన్నారు. "ఆవిడ వేస్తుంది."

చొక్కా ఆయనే పైకి తీశారు. నేను మందు లాగాను, గాలిబుడగ తట్టి తీసేశాను, పొట్ట మీద తోలు రెండు వేళ్ళతో పట్టుకున్నాను. ఆయన చూస్తున్నారు. సూదిని కాదు, నన్ను.

"ఊ, కానీ," అన్నారు.

వేశాను.

"అబ్బా!"

"నొప్పా?"

"నొప్పే," అన్నారు. చొక్కా దించుకుంటూ, "అది ఎలా ఓర్చుకునేదే అన్నేళ్ళు?" అన్నారు.

"తిట్టేది నన్ను."

"ఏమని?"

చెప్పాను. పక్క మంచం ఆవిడకి వినబడకుండా చెవిలో చెప్పాను. అన్నీ చెప్పలేదు, కొన్ని బాగుండవు.

రేపు పొద్దున తినకముందు మళ్ళీ వేయాలి. ఈసారి ఎడమవైపు.